ఇళ్ల మధ్య హోటల్ వస్తోందంటే: ఏ అభ్యంతరం ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ నిలవదు

ఇడ్లీ దోసె దొరికే చోటునీ మనం హోటల్ అనే అంటాం. గదులు అద్దెకిచ్చే లాడ్జీ హోటలే. కింద బాంకెట్ హాలు, మధ్యలో అరవై గదులు, టెర్రస్ మీద బారు ఉన్న భవనమూ హోటలే. కాలనీలో ఓ ఖాళీ స్థలం చుట్టూ రేకులు లేచి, "ఇక్కడ హోటల్ కడుతున్నారట" అన్న మాట పాకగానే పుట్టే గందరగోళంలో సగం ఈ ఒక్క మాట వల్లే వస్తుంది. ఒకరు ఊహించుకునేది టిఫిన్ సెంటర్, ఇంకొకరికి కనబడేది అర్ధరాత్రి డీజే.

మిగతా సగం గందరగోళం వినతిపత్రంతో వస్తుంది. నీళ్లు చాలవు, ట్రాఫిక్ పెరుగుతుంది, ఆడపిల్లలు తిరిగే దారి, శబ్దం, మురుగు... అన్నీ ఒకే కాగితంలో రాసి, కమిషనర్ నుంచి కలెక్టర్ దాకా అందరికీ పంపుతారు. అందులో ఒక్కో వాక్యం ఒక్కో ఆఫీసుకు సంబంధించినది కాబట్టి, ఎవరికి వారు "ఇది మా పరిధిలోది కాదు" అని పక్కకు పంపించేస్తారు. నిజానికి 'హోటల్ పర్మిషన్' అనే కాగితం ఒక్కటంటూ లేదు. మూడు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఈ స్థలంలో హోటల్ ఉండొచ్చా? ఉండొచ్చంటే భవనం ఇంత పెద్దగా కట్టొచ్చా? కట్టాక వ్యాపారం ఇలా నడపొచ్చా? ఒక్కోదానికి జవాబిచ్చే చట్టం వేరు, అధికారి వేరు, అడగాల్సిన సమయం వేరు. హైదరాబాద్‌ని ఉదాహరణగా తీసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

మొదటి ప్రశ్న: ఆ స్థలం రంగేమిటి?

మాస్టర్ ప్లాన్ పటంలో ప్రతి స్థలానికీ ఓ రంగు ఉంటుంది. నివాస, వాణిజ్య, మిశ్రమ, పారిశ్రామిక, బహిరంగ స్థలం అని భూ వినియోగాన్ని విడగొడతారు. హైదరాబాద్ పాత నగర ప్రాంతానికి 2010లో వచ్చిన మాస్టర్ ప్లాన్ ఉంది. దాని చుట్టూ విస్తరించిన ప్రాంతంలో చాలా భాగానికి 2013లో నోటిఫై చేసిన 2031 అభివృద్ధి ప్రణాళిక ఉంది. కాలనీ ఏ ప్లాన్ కిందికి వస్తుందో తేలితే తప్ప మిగతా చర్చ మొదలుకాదు.

నివాస జోన్ అన్నంత మాత్రాన అందులో ఇళ్లు తప్ప ఇంకేమీ రాకూడదని కాదు. ప్రతి జోన్‌కూ అనుమతించే వాటి జాబితా ఉంటుంది. కొన్నింటికి రోడ్డు వెడల్పు షరతు ఉంటుంది. పైగా నగరంలో కొన్ని రోడ్లను కమర్షియల్ రోడ్లుగా ప్రకటించి, ఇంపాక్ట్ ఫీజు అనే అదనపు రుసుము తీసుకుని వాటి వెంట వాణిజ్య భవనాలకు అనుమతిస్తున్నారు. ఇరవై ఏళ్ల కిందట ఇళ్ల కోసమే వేసిన లేఅవుట్‌లో మొదటి వరస స్థలాలు ఇప్పుడు వాణిజ్యానికి అర్హత పొందింది చాలాచోట్ల ఇలాగే. వెనక వరసలో ఉన్నవాళ్లకు ఈ సంగతి రేకులు లేచాకే తెలుస్తుంది.

జాబితాలో హోటల్ లేకపోతే యజమాని భూ వినియోగ మార్పిడి కోరాలి. అప్పుడు ముసాయిదా ప్రకటన వెలువడుతుంది, అభ్యంతరాలకు సాధారణంగా 15 రోజులు ఇస్తారు. మొత్తం వ్యవహారంలో పక్కింటివాళ్ల మాట వినాలని చట్టం స్వయంగా చెప్పే దశ దాదాపు ఇదొక్కటే. అదీ పత్రికలో సర్వే నంబర్లతో, చిన్న అక్షరాలతో వచ్చే ప్రకటన. తమ ఇంటి నంబరు తెలిసినవాళ్లలో ఎంతమందికి పక్క స్థలం సర్వే నంబరు తెలుసు? ఆ 15 రోజులు ఎవరూ గమనించకుండానే గడిచిపోవడం కాలనీల పోరాటాల్లో అతి తరచుగా జరిగే నష్టం.

భవన అనుమతి దశలో ఇరుగుపొరుగుకు నోటీసిచ్చే పద్ధతి లేదు. తెలంగాణలో 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 500 చదరపు మీటర్ల స్థలం, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో అప్పటికప్పుడు అనుమతిచ్చే ఏర్పాటు చేసింది. అంతకు మించినవాటిపై 21 రోజుల్లో ఏదో ఒకటి తేల్చాలని గడువు పెట్టింది. ఆఫీసుల చుట్టూ తిప్పే పద్ధతికి ఇది మంచి విరుగుడే. అయితే పక్కవాళ్లు విషయం తెలుసుకుని, పటం తెప్పించుకుని, అభ్యంతరం రాసేందుకు ఆ 21 రోజులు చాలవు. సమాచార హక్కు దరఖాస్తుకు జవాబివ్వడానికే చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు.

హోటల్ నివాసమా, వాణిజ్యమా?

వాదనల్లో తరచు దొర్లే ఓ తికమక ఇక్కడుంది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి హోటళ్లను 'గ్రూప్ ఏ' కింద, అంటే నివాస భవనాల వర్గంలో పెట్టింది. మామూలు హోటల్ ఏ-5, స్టార్ హోటల్ ఏ-6. దీన్ని చూపించి "హోటల్ కూడా నివాసమే" అని బిల్డర్ తరఫువాళ్లు అనడం ఉంది. ఆ వర్గీకరణ అగ్నిప్రమాద భద్రత కోసం చేసింది. రాత్రిపూట మనుషులు నిద్రపోయే భవనమా కాదా అన్నదే అక్కడి ప్రశ్న, ఎందుకంటే నిద్రలో ఉన్నవాళ్లు మంటల నుంచి ఆలస్యంగా బయటపడతారు. భూ వినియోగం లెక్కలో హోటల్ వాణిజ్యమే. అదే భవనంలో ఉన్న బాంకెట్ హాలు ఆ స్మృతి ప్రకారమే 'గ్రూప్ డీ', అంటే జనం గుమిగూడే చోటు. ఒకే కప్పు కింద రెండు మూడు వర్గాలు ఉండొచ్చు.

రెండో ప్రశ్న: ఎంత ఎత్తు? రోడ్డు చెబుతుంది

కాలనీవాళ్లు ఎక్కువగా పట్టించుకోనిది, వాళ్లకు ఎక్కువగా పనికొచ్చేది ఈ ప్రశ్నే. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, అంటే 168వ నంబరు జీవో, హైదరాబాద్‌లో భవనం పరిమాణాన్ని స్థలం విస్తీర్ణానికీ, ముందున్న రోడ్డు వెడల్పుకీ, చుట్టూ వదలాల్సిన ఖాళీకీ ముడిపెట్టాయి. ఆంధ్రప్రదేశ్‌కు 2017లో 119వ నంబరు జీవోతో వేరే నిబంధనలొచ్చాయి. రెండు రాష్ట్రాల్లోనూ సవరణలు వస్తూనే ఉన్నాయి కాబట్టి ఏ వివాదంలోనైనా దరఖాస్తు తేదీ నాటికి అమల్లో ఉన్న పట్టికనే చూస్తారు.

ఒక లెక్క చేద్దాం. స్థలం 1,200 చదరపు మీటర్లు, అంటే సుమారు 1,435 గజాలు. ముందు 40 అడుగుల రోడ్డు, అంటే 12 మీటర్లు. "పదంతస్తుల హోటల్" అన్న పుకారు మీద కాలనీ అంతా ఉడికిపోతోంది. 168 జీవో వచ్చినప్పటి పట్టిక ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తున్నది హైరైజ్ భవనం. దానికి కనీసం 2,000 చదరపు మీటర్ల స్థలం కావాలి. అంటే ఈ స్థలంలో పదంతస్తులు అసలే కుదరవు. ఒకవేళ పక్క ప్లాటు కూడా కొని 2,400 చదరపు మీటర్లు చేసినా, 12 మీటర్ల రోడ్డు మీద 24 మీటర్ల ఎత్తు దాటనివ్వరు. 24 నుంచి 30 మీటర్ల ఎత్తుకు 18 మీటర్ల రోడ్డు కావాలి. చుట్టూ వదలాల్సిన ఖాళీ 21 మీటర్ల ఎత్తు వరకు 7 మీటర్లు, 30 మీటర్లకు వెళ్లేసరికి 10 మీటర్లు అవుతుంది.

అందుకే ఈ తగాదాల్లో అసలు పోరు రోడ్డు కొలత మీద జరుగుతుంది. లేఅవుట్ పటంలో 40 అడుగులు ఉంటుంది. నేల మీద ఒకవైపు ర్యాంపులు, మెట్లు, ఇంకోవైపు కాలువ పోగా టేపు పెడితే 31 అడుగులే వస్తుంది. దరఖాస్తుతో ఇచ్చిన స్థల పటంలో చూపిన వెడల్పుకీ, నేల మీద కొలతకీ తేడా ఉందని చూపించడం "మాకు హోటల్ వద్దు" అనడం కన్నా బలమైన అభ్యంతరం. రెండోది అభిప్రాయం, మొదటిది ఫైలులో తప్పు. ఇక్కడ కాలనీవాళ్లు గుర్తించాల్సిన చేదు సంగతి ఒకటుంది. ఆ ర్యాంపుల్లో కొన్ని వాళ్లవే. కొలిచేవాళ్లు వచ్చినప్పుడు అవీ లెక్కలోకి వస్తాయి.

ఎత్తులో ఇంకో గీత 15 మీటర్ల దగ్గర ఉంది. ఆ ఎత్తు, అంతకు మించిన వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) తప్పనిసరి, నివాస భవనాలకైతే ఆ గీత 18 మీటర్లు. కాబట్టి 14.9 మీటర్లతో పటం గీయించుకునే లాడ్జీలు కనిపిస్తాయి. కాగితం మీద అది తప్పు కాదు. కానీ 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోవాలి. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలంటుకున్నాయి, దట్టమైన పొగ పైనున్న లాడ్జిలోకి కమ్ముకుంది, 8 మంది చనిపోయారు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న హోటల్‌లో 10 మంది చనిపోయారు. పొగకు ఎత్తుతో పని లేదు. రెండో మెట్లదారి ఉందా, సెల్లార్‌లో ఏం పెడుతున్నారు, ఫైరింజను భవనం చుట్టూ తిరగగలదా అన్నవి లోపల పడుకునే అతిథికీ గోడ పక్కన పడుకునే కాలనీవాసికీ ఒకేలా ముఖ్యం.

నీళ్ల లెక్క: దేనితో పోల్చాలి?

"కాలనీ నీళ్లన్నీ హోటలే తాగేస్తుంది" అన్న మాటను అంకెల్లో పెట్టి చూడవచ్చు. త్రీ స్టార్ వరకు హోటళ్లకు ప్రామాణిక లెక్క మంచానికి రోజుకు 180 లీటర్లు, రెస్టారెంట్‌లో సీటుకు 70 లీటర్లు. ఇంట్లో మనిషికి 135 లీటర్లు.

పై 1,200 చదరపు మీటర్ల స్థలంలోనే 60 గదులు, 80 సీట్ల రెస్టారెంట్ అనుకుందాం. 120 మంచాలకు 21,600, సీట్లకు 5,600, మొత్తం రోజుకు 27,200 లీటర్లు. నలుగురున్న కుటుంబానికి 540 లీటర్లు కాబట్టి ఇది 50 కుటుంబాల వాడకం. 5,000 లీటర్ల ట్యాంకరయితే వేసవిలో రోజుకు ఆరు ట్రిప్పులు.

ఇక్కడే ఆగితే లెక్క ఏకపక్షంగా ఉంటుంది. అదే స్థలంలో 25 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ రావచ్చు, దానికెవరూ ధర్నా చేయరు. దాని వాడకం 13,500 లీటర్లు. కాబట్టి న్యాయమైన పోలిక ఖాళీ స్థలానికీ హోటల్‌కీ మధ్య కాదు, అపార్ట్‌మెంట్‌కీ హోటల్‌కీ మధ్య. తేడా రెట్టింపు. అది చిన్న తేడా ఏమీ కాదు, అలాగని కాలనీ ఎండిపోయేంత తేడా అనీ చెప్పలేం.

అసలు ఇబ్బంది నీళ్లు వచ్చే దారిలో కన్నా పోయే దారిలో ఉంటుంది. పాత కాలనీల్లో మురుగు పైపులు ఇళ్ల లెక్కకు వేసినవి. హోటల్ వంటగది నుంచి వేడిగా జారిపోయే నూనె, కొవ్వు పైపులో చల్లారి గోడలకు గట్టిగా పేరుకుంటాయి. పైపు సందు ఇరుకై, ఓ ఉదయం అందరూ స్నానాలు చేసే వేళకు పల్లంలో ఉన్న ఇంటి ముందు మ్యాన్‌హోల్ పొంగుతుంది. దీనికి మందు గ్రీజ్ ట్రాప్ అనే చిన్న తొట్టి. నూనె పైకి తేలేలా నీటిని కాసేపు ఆపి, కింది నీటిని మాత్రమే వదులుతుంది. పటంలో అందరూ చూపిస్తారు. దాన్ని క్రమం తప్పకుండా తోడి శుభ్రం చేయకపోతే అది ఉన్నా లేనట్టే. అభ్యంతరంలో "మురుగు సమస్య వస్తుంది" అని రాయడానికీ, "గ్రీజ్ ట్రాప్ పరిమాణమెంత, ఏ వ్యాసం ఉన్న లైన్‌కు కలుపుతున్నారు" అని అడగడానికీ ఇంజినీరు ఇచ్చే జవాబులో చాలా తేడా ఉంటుంది.

గదులు కాదు, హాలు చూడాలి

గదుల్లో దిగేవాళ్లు చాలామంది క్యాబ్‌లోనో ఆటోలోనో వస్తారు. వీధిని స్తంభింపజేసేది బాంకెట్ హాలు. 300 మంది రిసెప్షన్‌కు సగం మంది కార్లలో, కారుకు ముగ్గురు చొప్పున వస్తారనుకుంటే 50 కార్లు, అవీ రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిదిలోపు. సెల్లార్‌లో ఒక కారుకు దారులతో కలిపి 32 చదరపు మీటర్లు లెక్కిస్తారు. 50 కార్లకు 1,600 చదరపు మీటర్లు. మన స్థలమే 1,200. కాబట్టి రెండు సెల్లార్లు తవ్వాలి, లేదా కార్లు కాలనీ లోపలి వీధుల్లోకి రావాలి.

రెండు సెల్లార్లంటే నేల మట్టం నుంచి ఏడు మీటర్ల లోతు, పక్కింటి ప్రహరీకి కొద్ది మీటర్ల దూరంలో. హైదరాబాద్ నేలలో కొన్ని అడుగుల మట్టి కింద గ్రానైట్ బండ తగులుతుంది. దాన్ని పగలగొట్టే అదురుకు పక్క గోడలు బీటలు వారతాయి. పైనున్న వదులు మట్టి, దాన్ని ఆపే రిటైనింగ్ వాల్ లేచేలోపు వానొస్తే జారుతుంది. ఆ దశలో పక్కింటివాళ్ల దగ్గర తవ్వకానికి ముందు తేదీతో తీసిన గోడల ఫొటోలు లేకపోతే, పగులు పాతదా కొత్తదా అన్న వాదన తేలదు.

బహిరంగ విచారణ ఉంటుందా?

ఉండదు. అసలు పర్యావరణ అనుమతి అవసరమయ్యేదే నిర్మిత ప్రాంతం 20,000 చదరపు మీటర్లు ఉంటే. మన ఉదాహరణలోని హోటల్ మూడు నాలుగు వేలు దాటదు. 20,000 దాటినా, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ భవన నిర్మాణాలను బహిరంగ విచారణ నుంచి మినహాయించింది. ఫ్యాక్టరీల విషయంలో జరిగే గ్రామసభల్లాంటివి చూసి కాలనీవాళ్లు దాని కోసం ఎదురుచూస్తారు. అది రాదు. పెద్ద హోటల్‌కు పర్యావరణ అనుమతి వచ్చేస్తే దానిపై చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ బెంచ్‌కు వెళ్లేందుకు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. ఆ తర్వాత తలుపు మూతపడుతుంది.

మూడో ప్రశ్న: ఎలా నడుస్తుంది?

ట్రేడ్ లైసెన్సు, ఆహార భద్రత లైసెన్సు, బారుకు ఎక్సైజ్ లైసెన్సు, ఇవన్నీ వేర్వేరు. ఎక్కువ ఫిర్యాదులొచ్చేది శబ్దం మీద. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. వాణిజ్య ప్రాంతంలో 65, 55. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు.

రాత్రి పది తర్వాత లౌడ్‌స్పీకర్ నిషేధం అందరికీ తెలుసు. అందులో మినహాయింపు తెలిసినవాళ్లు తక్కువ. తలుపులు మూసిన ఆడిటోరియాలు, కాన్ఫరెన్స్ గదులు, బాంకెట్ హాళ్లకు ఆ నిషేధం వర్తించదు. కాబట్టి లోపలి హాలులో పదిన్నరకు పాట వినిపిస్తోందని చేసే ఫిర్యాదు, టెర్రస్ మీదో లాన్‌లోనో వినిపిస్తోందని చేసే ఫిర్యాదు ఒకటి కాదు. రెండోదానికి ఈ మినహాయింపు లేదు. మొదటిదానికీ హద్దుంది: ప్రైవేటు స్థలం సరిహద్దు దగ్గర ఆ శబ్దం ఆ ప్రాంత పరిమితిని 5 డెసిబెల్స్‌కు మించి దాటకూడదు. పటం దశలోనే టెర్రస్ మీద ఏం రాబోతోందో చూడమని తెలిసినవాళ్లు చెప్పేది ఇందుకే. ఏసీ చిల్లర్లు, వంటగది పొగ గొట్టం ఏ ఇంటి కిటికీ వైపు తిరిగి ఉన్నాయన్నది కూడా అప్పుడే మార్చగలం. భవనం లేచాక ఆ గొట్టం దిశ మార్పించడానికి ఏళ్లు పడుతుంది.

హోటల్ కట్టేవాళ్ల వాదనలో బలం

ఊరి నుంచి వైద్యానికి వచ్చినవాళ్ల బంధువులు పెద్దాసుపత్రుల చుట్టుపక్కల వీధుల్లో గది కోసం వెతుక్కుంటారు. వీసా ఇంటర్వ్యూకు నానక్‌రామ్‌గూడకు ముందురోజే వచ్చే కుటుంబాలు, పోటీ పరీక్షకు వచ్చే పిల్లలు ఉన్నారు. వీళ్లందరికీ ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి ఇంటి పక్కనే గదులుండాలి. మన కాలనీలో వద్దు, ఇంకో కాలనీలో పెట్టుకోండి అన్నది నగరం మొత్తానికి జవాబు కాదు. నిబంధనల ప్రకారం అర్హత ఉన్న స్థలం కొన్న యజమానికి తన ఆస్తిని వాడుకునే హక్కుంది.

అలాగే కాలనీ అభ్యంతరాల్లో కొన్ని చట్టం ముందు నిలవవు. లాడ్జి అంటే అసాంఘిక కార్యకలాపాలే అన్న అనుమానంతో ప్లాన్ రద్దు కాదు, నేరం జరిగితే అది పోలీసుల పని. మా ఇంటి నుంచి కనిపించే దృశ్యం పోతుందన్నా, మా ఫ్లాటు ధర తగ్గుతుందన్నా అంతే. వెలుతురు, గాలి సంగతి కొంచెం వేరు. 20 ఏళ్లు అడ్డు లేకుండా ఒక కిటికీ గుండా వెలుతురు అనుభవించిన భవనానికి ఈజ్‌మెంట్ హక్కు, అంటే ఆ వెలుతురుకు పక్కవాళ్లు అడ్డు కట్టకుండా ఆపే హక్కు, ఏర్పడవచ్చు, గణనీయమైన నష్టం చూపగలిగితేనే దానికి ఫలితం.

కోర్టులు ఏమన్నాయి?

ఈ విషయంలో అందరూ తిరిగి తిరిగి వెళ్లే తీర్పు ఉడుపి నుంచి వచ్చింది. అక్కడ కల్యాణ మండపం, ఉపన్యాస మందిరం పేరుతో అనుమతి పొందిన కట్టడాన్ని సినిమా హాలుగా మార్చుకోవడానికి మున్సిపాలిటీ ఒప్పుకుంది. టౌన్ ప్లానింగ్ పథకంలో అది నివాస ప్రాంతం. 1974లో సుప్రీంకోర్టు, మున్సిపాలిటీకి ఆ అధికారమే లేదని చెప్పింది. అక్కడ నివసించేవాళ్ల ఆస్తి అనుభవానికి భంగం కలుగుతుంది కాబట్టి వాళ్లకు ప్రశ్నించే హక్కుందని, అప్పటికే డబ్బు ఖర్చు పెట్టేశానన్న వాదన చట్టవిరుద్ధమైనదాన్ని సక్రమం చేయదని తేల్చింది. 1991లో బెంగళూరులో పార్కు స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదన్నప్పుడూ నిలిచింది స్థానికుల పిటిషనే. రెండింటిలోనూ గెలిచిన వాదన "మాకు ఇబ్బంది" అన్నది ఒక్కటే కాదు, "ప్లాన్‌లో ఉన్నది ఇది, ఇచ్చిన అనుమతి అది" అన్నది.

2024 డిసెంబర్ 17న మీరట్‌లో ఇళ్ల స్థలంలో కట్టిన దుకాణాల కేసులో సుప్రీంకోర్టు దేశమంతటికీ ఆదేశాలిచ్చింది. నిర్మాణం సాగినన్నాళ్లూ ఆమోదించిన ప్లాన్‌ను స్థలం దగ్గర ప్రదర్శించాలి. పూర్తయినట్టు ధ్రువపత్రం లేకుండా కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు ఇవ్వకూడదు. అనధికార భవనంలో ఏ వ్యాపార లైసెన్సూ ఇవ్వకూడదు. మన దగ్గర నిర్మిత ప్రాంతంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టి, ఓసీ (భవనాన్ని వాడుకోవచ్చని ఇచ్చే పత్రం) వచ్చాకే విడిపించుకునే నిబంధన ముందు నుంచీ ఉంది. కాబట్టి రేకుల బయట బోర్డు మీద 'నివాస భవనం' అని ఉండి లోపల అరవై చిన్న గదులు, ఒక్కోదానికి బాత్రూం లేస్తుంటే, అది ఓసీ కన్నా ముందే కంటికి కనిపించే ఉల్లంఘన. జీహెచ్‌ఎంసీ చట్టం 452వ సెక్షన్ కింద సంజాయిషీ నోటీసు, 461 కింద పని ఆపే అధికారం, 636 కింద తొలగింపు ఆదేశం అలాంటి సందర్భాలకే ఉన్నాయి. గోడలు లేచే దశలో ఇచ్చిన ఫిర్యాదుకూ, బుకింగులు మొదలయ్యాక ఇచ్చినదానికీ ఫలితం ఒకేలా ఉండదు. హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌లో ఆలస్యానికి కారణం అడుగుతారు.

ఏడో హోటల్ సంగతి

నిబంధనల్లో ఒక పెద్ద ఖాళీ ఉంది, అది కాలనీవాళ్లది కాదు, బిల్డర్‌దీ కాదు. ప్రతి దరఖాస్తునూ ఆ ఒక్క స్థలం లెక్కలోనే చూస్తారు. 27,200 లీటర్ల హోటల్ ఒకటైతే ఆ వీధి ఓర్చుకుంటుంది. అదే వీధిలో ఏడు వస్తే రోజుకు 1,90,400 లీటర్లు, అంటే దాదాపు 350 కుటుంబాల నీళ్లు, అదే పాత పైపు. ఒక్కో ఫైలూ విడిగా సక్రమమే. మొత్తం లెక్కించే ఆఫీసు లేదు.

బార్సెలోనా నగరం 2015లో కొత్త హోటళ్ల అనుమతులు ఆపేసి, 2017లో నగరాన్ని జోన్లుగా విభజించి ఈ లెక్కే చేసింది. కిక్కిరిసిన పాత నగరంలో హోటల్ మూతపడినా దాని స్థానంలో కొత్తది రానివ్వరు, ఇంకో జోన్‌లో ఒకటి మూతపడితేనే ఒకటి వస్తుంది, శివార్లలో పరిమితంగా కొత్తవి రావచ్చు. చండీగఢ్ కేసులో 2023 జనవరి 10న మన సుప్రీంకోర్టు కూడా, పట్టణాభివృద్ధికి అనుమతిచ్చే ముందు పర్యావరణ ప్రభావాన్ని అంచనా వేసే ఏర్పాట్లు చేయమని చట్టసభలను, ప్రభుత్వాలను కోరింది. అలాంటి ఏర్పాటు వచ్చేదాకా, ఆ వీధిలో ఇప్పటికే ఎన్ని హోటళ్లున్నాయో, మురుగు లైన్ ఎన్ని అంగుళాలదో, ట్యాంకర్లు రోజుకు ఎన్ని వస్తున్నాయో రాసి పెట్టుకునేది అక్కడ ఉండే జనమే.